ఆ పీట ఖాళీగా లేదు

"మా గోడకి మేకు కొట్టడానికి వీల్లేదు."

తలుపు తీసిన అమ్మాయి అన్న మొదటి మాట అదే. ఎవరు మీరు అని అడగలేదు, ఎందుకొచ్చారనీ అడగలేదు. చూపంతా అతని భుజానికి వేలాడుతున్న పనిముట్ల సంచీ మీదే ఉంది.

"మేకు కాదండీ, స్క్రూ," అన్నాడతను వీలైనంత మర్యాదగా.

"స్క్రూ కూడా."

"అదీ ఇవాళ కాదు. ఇవాళ ఊరికే కొలతలు తీసుకుని వెళ్ళిపోతాను."

"కొలతలు కూడా వద్దు. మా గోడ ఎంతుందో మాకు తెలుసు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే తలుపు వేసేస్తుందేమోనని ఆపుకున్నాడు.

"అసోసియేషన్ తరఫున వచ్చానండీ. అన్ని ఫ్లాట్లకీ ఒకే రకం పూజా మందిరం పెట్టిస్తున్నారు. గుమ్మంలోంచి చూడగానే ఎదురుగా కనపడేలా. నోటీసు చూడలేదా?"

"చూశాను. మొత్తం చదివాను. చదివాకే ఈ మాట చెప్తున్నాను."

"అందరూ ఒప్పుకున్నారన్నారే."

"ఆ అందరిలో నేను లేనా?"

అతనికి ఏం చెయ్యాలో తోచక, చేతికి అలవాటైన పని కాబట్టి, టేపు లాగి గుమ్మం వెడల్పు చూడబోయాడు. ఆ అమ్మాయి కళ్ళు చిన్నవి చేసింది.

"టేపు అంత దూరంగా పెట్టుకుని చూస్తున్నారేంటి?"

"అలవాటండీ."

"అలవాటు కాదు, సైటు. దగ్గరవి మీకు మసగ్గా కనపడుతున్నాయి. రోడ్డుకి అవతల కళ్ళజోళ్ళ షాపుంది చూశారా, అందులో కళ్ళు టెస్ట్ చేసేది నేనే. వచ్చి చూపించుకోండి. అక్కడికైతే రావచ్చు. ఇక్కడికి మాత్రం వద్దు."

తలుపు మూసుకుంది. తలుపు మొహం మీద పడటం, రమ్మని పిలుపు అందటం రెండూ ఒకేసారి జరగడం అతనికి అదే మొదలు.

అతనిది వడ్రంగి కుటుంబం. ఇంటి కిందే షాపు. వాళ్ళ వంశంలో కాలేజీ మొహం చూసిన మొదటివాడు తనే. డిజైన్ చదివి, ఉద్యోగం కోసం ఎక్కడికీ పోకుండా, నాన్న రంపం పక్కనే తన కంప్యూటరు పెట్టుకున్నాడు. ఆ షాపులో చేసేవన్నీ పూజా మందిరాలే. ఈ బిల్డింగు ఆర్డరు అతను సొంతంగా మాట్లాడి తెచ్చుకున్న మొదటి పెద్ద పని. "చదువుకున్నందుకు ఇదన్నా చేశాడు," అని నాన్న ఎవరితోనో అంటుంటే చాటుగా విని, ఆ పూటంతా గాల్లో తేలాడు.

ఆర్డరిచ్చింది అసోసియేషన్ సెక్రెటరీ. ఆయన స్కూల్లో వ్యాయామం నేర్పి రిటైరయిన మనిషి. బిల్డింగులో అందరికీ డ్రిల్లు మాస్టారు. పార్కింగులో కార్లన్నీ ఒకే వైపు మొహం పెట్టి నిలబడాలి. గుమ్మాల ముందు చెప్పులు జతలు జతలుగా వరసలో ఉండాలి. అవన్నీ అయిపోయాక ఆయన చూపు దేవుడి మీద పడింది.

"దేవుడొక్కడే కదటయ్యా," అన్నాడాయన ఆర్డరిచ్చేటప్పుడు. "అయితే మందిరం ఒక్కటే ఉండాలి, ఫొటో ఒక్కటే ఉండాలి, పాట ఒక్కటే, టైమూ ఒక్కటే. పొద్దున్నే స్పీకర్లో పాట మొదలయ్యేసరికి ప్రతి ఇంట్లో దీపం వెలగాలి. బయటివాడు ఎవడైనా వస్తే, అబ్బ, వీళ్ళంతా ఒక్కటే అనుకోవాలి."

వినడానికి బాగానే ఉంది. ఒకే కొలత అయితే చెక్క కోత కూడా తేలిక. అతను సరేనన్నాడు.

తేలిక కాదని మిగతా ఫ్లాట్లకి వెళ్ళాక తెలిసింది.

మొదటి అంతస్తులో భార్యాభర్తలు. ఆవిడ శివుడు ఒక గోడకి, ఆయన కృష్ణుడు ఎదుటి గోడకి. పెళ్ళయిన కొత్తలో ఒకే గూట్లో పెట్టి చూశారట, దీపం ముందు ఎవరికి చూపించాలని రోజూ తగువేనట. "ఇప్పుడు హాయిగా ఉందయ్యా, మధ్యలో సోఫా ఉంది," అన్నాడాయన.

పై అంతస్తులో రిటైరైన నర్సు. ఆవిడ పూజంతా బాల్కనీలో, పొద్దున్నే సూర్యుడికి దణ్ణం పెట్టుకోవడంతో సరి. "ఆయన్ని నీ చెక్కపెట్టెలో ఎలా ఇరికిస్తావు బాబూ?" అని నిజంగానే అడిగింది.

టాక్సీ నడిపే ఆయన ఇంట్లో దేవుడే లేడు. అమ్మవారు బండిలో ఉంది. "ఆవిడ నాతో తిరగాలి కదన్నా, ఇంట్లో కూర్చుంటే ఎలా?" అన్నాడు. కంప్యూటరు ఉద్యోగం చేసే కుర్రాడు మాత్రం, "నాకు నమ్మకం లేదు బ్రో. అందులో షూస్ పెట్టుకోవచ్చా?" అన్నాడు.

మర్నాడు అతను కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. కళ్ళ కోసమేనని తనకి తనే గట్టిగా చెప్పుకున్నాడు.

బయట వాన. షాపులో ఇంకెవరూ లేరు. ఆ అమ్మాయి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, బరువైన ఫ్రేము ముక్కు మీద పెట్టింది.

"ఇది బాగుందా?" ఒక అద్దం వేసింది. "ఇది బాగుందా?" ఇంకోటి వేసింది.

"రెండూ బాగున్నాయండీ."

"రెండూ బాగుండవు. సరిగ్గా చూడండి."

"సరిగ్గానే చూస్తున్నానండీ."

"అక్షరాలని చూడమన్నాను. నన్ను కాదు."

అతను గబుక్కున గోడ మీది అక్షరాల వైపు తిరిగాడు. చెవులు వేడెక్కాయి. ఆమె మొహం పక్కకి తిప్పుకుంది గానీ, నవ్వుతోందని బుగ్గ చెప్పేసింది.

"కొలతలు ఎంతవరకు వచ్చాయి?" అంది అద్దాలు సర్దుతూ.

అతను శివుడికీ కృష్ణుడికీ మధ్య సోఫా సంగతి చెప్పాడు. షూస్ సంగతి చెప్పేసరికి ఆమె పగలబడి నవ్వింది.

"మరి అందరికీ ఒకటే ఎలా చేస్తారు?"

"చేసేది చెయ్యడమేనండీ. పెట్టుకునేది వాళ్ళ ఇష్టం."

"అంటే నేను వచ్చినవాళ్ళందరికీ ఒకే పవరు అద్దాలిచ్చి, చూసేది వాళ్ళ ఇష్టం అనొచ్చా?"

అతను ఆ ప్రశ్న కళ్ళజోడుతో పాటు ఇంటికి తెచ్చుకున్నాడు. కొత్త కళ్ళజోట్లో టేపు మీద గీతలు విడివిడిగా కనపడుతుంటే, ప్రతి గీత దగ్గరా ఆ అమ్మాయే అడుగుతున్నట్టుంది.

వారం తిరక్కుండానే ఆ ఇంట్లోకి అడుగుపెట్టే అవకాశం వచ్చింది. పిలిచింది ఆ అమ్మాయి కాదు, వాళ్ళ బామ్మ. అమ్మాయి తల్లిదండ్రులు ఉద్యోగాల మీద వేరే ఊళ్ళో ఉంటారు. ఇక్కడ ఉండేది బామ్మా మనవరాలే. లిఫ్టు దగ్గర అతన్ని ఆపి, "అబ్బాయ్, చెక్కపని నువ్వేగా చేసేది? మా పీట కాలు ఊగుతోంది, ఓసారి చూసి పెడతావా?" అందావిడ.

లోపల గదిలో కిటికీ పక్కన ఉంది ఆ పీట. పాత టేకు, చేతులు తగిలి తగిలి నున్నబడింది. ముందు చిన్న దీపం. ఒక పువ్వు. పీట మీద ఏమీ లేదు.

మందిరాలు చేసేవాళ్ళకి ఆ దృశ్యం కొత్త కాదు. ఇంట్లో విగ్రహం చేజారి విరిగితే, కొత్తది వచ్చేదాకా పీట ఖాళీగా ఉంచి దీపం మాత్రం పెట్టుకుంటారు. అలాంటి ఇళ్ళవాళ్ళు షాపుకొచ్చినప్పుడు నాన్న ఒక్క ప్రశ్నా అడగడు. ఎలా విరిగింది అని అడిగితే వాళ్ళ కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. అందుకే ఆ అమ్మాయికి మందిరం మాటెత్తితే అంత కోపం, అనుకున్నాడు.

"కాలు విప్పి కొత్త కీలు వెయ్యాలి బామ్మగారూ. షాపుకి తీసుకెళ్తాను."

"అది గుమ్మం దాటదు నాయనా. తీరిక చూసుకుని నువ్వే వచ్చి ఇక్కడే చెయ్యి."

ఆ ఆదివారం కింద హాల్లో అసోసియేషన్ మీటింగు. మాస్టారు మైకు లేకుండానే మైకున్నంత గట్టిగా మొదలుపెట్టాడు.

"అన్ని ఇళ్ళూ కొలతలిచ్చాయి, ఒక్క ఇల్లు తప్ప. ఒక్కరి వల్ల ఐకమత్యం దెబ్బతినడం న్యాయమేనా అని నేను అడుగుతున్నాను."

ఆ ఒక్క ఇంటి అమ్మాయి లేచి నిలబడింది. చిన్నగా, వినయంగానే అడిగింది.

"మాస్టారూ, మీ కళ్ళజోడు ఒకసారి ఇస్తారా?"

ఆయన అర్థంకాక ఇచ్చాడు. ఆమె పక్కనున్న నర్సమ్మ కళ్ళజోడు తీసుకుని ఆయనకిచ్చింది.

"ఇది పెట్టుకుని మీ నోటీసు చదవండి."

మాస్టారు పెట్టుకున్నాడు. కాగితాన్ని దగ్గరికి తెచ్చాడు, దూరం పెట్టాడు, తల వెనక్కి వాల్చాడు.

"ఏం కనపడి చస్తుందమ్మా ఇందులో."

"కళ్ళజోడు కళ్ళజోడే కదా మాస్టారూ. చదవండి. ఐకమత్యం."

హాలంతా నవ్వులు. టాక్సీ ఆయన ఈల కూడా వేశాడు. మాస్టారు ఎర్రబడి, "సరే, తెలివైనదానివే. ఇంతకీ మీ ఇంట్లో ఏ దేవుడో చెప్పు," అన్నాడు.

నవ్వుతున్న ఆమె మొహంలో నవ్వు పోయింది. "అది చెప్తేనే నా మాటకి విలువా మాస్టారూ?" అంది.

ఆ మాటన్నప్పుడు ఆమె గొంతు కొద్దిగా వణికింది. అది అతను విన్నాడు. తను అనుకున్నదే నిజమని ఖాయం చేసుకున్నాడు.

మాస్టారు అతని వైపు తిరిగాడు. "పనివాడివి నువ్వు చెప్పవయ్యా. నీ డిజైను అందరికీ సరిపోతుందా, సరిపోదా?"

సరిపోతుందంటే ఆర్డరు ఉంటుంది. నాన్న అన్న మాట గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఇటే చూస్తోంది. బతిమాలే చూపు కాదది. ఏం చెప్తావో చూస్తానన్న చూపు.

"సరిపోదండీ," అన్నాడు. "ఒక్కరికి కూడా సరిపోదు. సూర్యుడికి తలుపులు పెట్టలేను. అమ్మవారు బండి దిగనంటోంది. చెక్క ఒకటే వాడతాను, కానీ ఎవరికి కావలసింది వాళ్ళకి చేసిస్తాను. వద్దన్నవాళ్ళకి వద్దు."

"అప్పుడిక మనమంతా ఒక్కటని ఎలా తెలుస్తుందయ్యా?" మాస్టారు నిజంగానే బాధగా అడిగాడు.

అప్పటిదాకా వెనక వరసలో కూర్చున్న మాస్టారి భార్య గొంతు సవరించుకుంది. "ముందు మనింటి సంగతి చూసుకోండి. మీ ఆంజనేయుడు హాల్లో, నా అమ్మవారు వంటింట్లో. నలభై ఏళ్ళుగా కాపురం చేస్తున్నామా లేదా?"

ఆ తర్వాత ఐకమత్యం గురించి ఎవరూ మాట్లాడలేదు. అందరూ కలిసి టీ తాగారు.

మెట్ల దగ్గర ఆ అమ్మాయి అతన్ని అందుకుంది. "పెద్ద ఆర్డరు పోగొట్టుకున్నారు."

"పోలేదండీ. చిన్న ముక్కలైంది."

"కళ్ళజోడు బాగా పనిచేస్తోందన్నమాట."

"మీ టెస్టింగు మంచిది."

అతను గేటు వైపు వెళ్ళాల్సింది పోయి, ఇద్దరూ డాబా దాకా మెట్లెక్కేశారు. ఎందుకెక్కారో ఇద్దరికీ తెలియదు. డాబా మీద వాన వెలిసి నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఏవో మాట్లాడుకున్నారు. ఆ మాటలేవీ ఇక్కడ రాయడానికి పనికొచ్చేవి కావు. వాళ్ళకి మాత్రం చాలా ముఖ్యమైనవి.

ఆ రోజు నుంచి షాపులో నాన్న ఒక పక్క టాక్సీ అమ్మవారికి అరచేతిలో పట్టే గూడు చేస్తుంటే, అతను ఇంకో పక్క ఒక టేకు ముక్క ముందేసుకుని కూర్చున్నాడు. కృష్ణుణ్ణి చెక్కాడు. వేణువు పట్టుకున్న వేళ్ళు విడివిడిగా కనపడాలని కొత్త కళ్ళజోడు పెట్టుకుని గీకాడు. అంత శ్రద్ధగా అతను ఏ పనీ చెయ్యలేదు.

తీరిక చిక్కిన రోజున పీట బాగుచెయ్యడానికి వెళ్ళాడు. కొత్త కీలు వేసి, కాలు బిగించి, పీటని కిటికీ పక్కనే యథాస్థానంలో పెట్టాడు. బామ్మ వంటింట్లో టీ కలుపుతోంది. అతను సంచీలోంచి బట్టలో చుట్టిన కృష్ణుణ్ణి తీసి, పీట మధ్యలో నిలబెట్టి, దీపం కొంచెం పక్కకి జరిపాడు. చూడముచ్చటగా ఉంది.

టీ గ్లాసులతో వచ్చింది ఆ అమ్మాయి. పీట చూసింది. గ్లాసులు కింద పెట్టింది. ఆమె మొహంలో తను ఎదురుచూసిన సంతోషం లేదు.

"ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ కాదు. నేనే చేశాను. మీ కోసం."

"తియ్యండి."

"నచ్చలేదా?"

"తియ్యండి ముందు."

బామ్మ వచ్చింది. పీట వైపు చూసింది. తర్వాత వంగి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో కృష్ణుణ్ణి తీసి, "ఎంత బాగా చేశావు నాయనా. వేళ్ళు చూడు, ఎంత సన్నగా ఉన్నాయో," అని అతని చేతిలో పెట్టింది. దీపాన్ని మళ్ళీ దాని చోటికి జరిపింది.

గుమ్మం దాకా వచ్చిన అమ్మాయి, తలుపు పట్టుకుని అంది. "మాస్టారు అన్ని ఇళ్ళల్లో పెట్టిస్తానన్నాడు. మీరు మా ఇంట్లో పెట్టారు. ఏంటి తేడా? ఆయన నయం. ముందు నోటీసన్నా అంటించాడు."

ఈసారి తలుపుతో పాటు పిలుపేమీ రాలేదు.

అతని ఇంట్లో బల్ల మీద పెట్టిన కృష్ణుణ్ణి చూసి వాళ్ళమ్మ మురిసిపోయింది. ఆవిడకి ఎక్కడ ఏ దేవుడు కనపడినా ఇంటికి తెచ్చుకోవలసిందే. ఆవిడ పూజగది గోడంతా దేవుళ్ళే, వేలు పెట్టే సందు లేదు. "ఇంత అందంగా చేసి ఇక్కడ పడేశావేంట్రా?" అంది.

అతను దాచలేదు. అంతా చెప్పాడు. అమ్మాయి సంగతి కూడా చెప్పాడు.

ఆవిడ మంచం మీద కూలబడింది. "ఖాళీ పీటకి దణ్ణం పెట్టే ఇల్లా? అదేం పూజరా?"

"నాకూ తెలియదమ్మా. అడగలేదు. అడక్కుండా కృష్ణుణ్ణి తీసుకెళ్ళి పెట్టేశాను."

"పెడితే తప్పేముంది? దేవుణ్ణేగా పెట్టావు. ఆ పిల్ల మనింటికొస్తే ఈ గదిలో దీపం ఎవరు పెడతారు?"

"నువ్వున్నావు కదా."

"నేను పోయాక?"

అమ్మ గొంతులో కోపం లేదు, బెంగ ఉంది. తన దేవుళ్ళు చీకట్లో ఉండిపోతారేమోనన్న బెంగ. మాస్టారు అడిగినా, అమ్మ అడిగినా, అందులో చెడ్డబుద్ధి ఏమీ లేదు. అదే చిక్కు. ప్రేమగా అడిగేవాళ్ళకి కాదని చెప్పడం చాలా కష్టం.

మూడు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. నాలుగో రోజు జోరువానలో కళ్ళజోళ్ళ షాపుకి వెళ్ళాడు. తడిసి ముద్దయిపోయాడు.

"కళ్ళజోడు తుడుచుకోండి," అందామె, బట్ట ఇచ్చి.

"తప్పు చేశాను. అడగాల్సింది, అడగలేదు. మా పనిలో ఖాళీ పీటంటే విగ్రహం విరిగిన ఇల్లని అర్థం. అడిగితే బాధపడతారని అడగం. మీటింగులో మీ గొంతు వణికింది. అదే అనుకున్నాను."

ఆమె కళ్ళు పెద్దవయ్యాయి. "విరిగిపోయిందనుకున్నారా?"

"మరేమనుకుంటాను?"

"ఇన్నాళ్ళూ మా మీద జాలిపడుతున్నారా?"

"కొంచెం."

ఆమె నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. తర్వాత కౌంటరు మీద మోచేతులు ఆనించి, మెల్లగా చెప్పింది.

"మా ఇంట్లో మొదట్నుంచీ అంతే. దేవుడికి రూపం పెట్టరు. రూపం పెడితే అక్కడే ఆగిపోతామని బామ్మ వాళ్ళ అత్తగారు అనేవారట. బామ్మ ఏమంటుందో తెలుసా? పెట్టుకున్నా ఆగిపోనివాళ్ళు చాలామంది ఉన్నారే, నేను మాత్రం ఆగిపోయే రకాన్నే, అందుకే నాకిదే మంచిది అంటుంది. ఆ పీట ఖాళీగా లేదండీ. మాకది నిండుగానే ఉంది."

ఆమె కౌంటరు మీది ఒక ఫ్రేమును మడిచి పక్కన పెట్టింది.

"చెప్తే అందరూ పాపం అంటారు. మంచి ఫొటో తెచ్చిస్తామంటారు. అందుకే చెప్పడం మానేశాను. మా అక్క పెళ్ళయినప్పుడు వాళ్ళ అత్తగారింట్లో మొదటి రోజే, మన ఇంట్లో ఇలా కుదరదమ్మా అన్నారు. ఎంతో ప్రేమగానే అన్నారు. ఇప్పుడు అక్క ఇక్కడికొచ్చినా పీట ముందు కూర్చోదు. అలవాటు తప్పిందంటుంది. నాకదే భయం. మిమ్మల్ని చూసి ఆ భయం పోయిందనుకున్నాను. ఇంతలో మీరు బట్ట విప్పి కృష్ణుణ్ణి తీశారు."

"అంటే, నా మీద..."

"అనుకున్నాను అన్నాను. ఇంకేం అన్లేదు."

వాన చప్పుడుకి షాపు అద్దాలు అదురుతున్నాయి. అతను కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు మీరంటే ఇష్టం," అన్నాడు. "మీ పీట దగ్గరికి నేను రాను. ఎవర్నీ రానివ్వను. కానీ మా అమ్మకి ఒక బెంగ ఉంది. దానికి నా దగ్గర జవాబు లేదు. మీరొచ్చి ఒకసారి ఆవిడతో మాట్లాడతారా? నేను మధ్యలో నోరెత్తను."

"నోరెత్తకుండా ఉండగలరా?"

"ప్రయత్నిస్తాను."

ఆదివారం బామ్మా మనవరాలూ వడ్రంగి షాపు మీది అతని ఇంటికి వచ్చారు. అతని అమ్మ మర్యాదగానే కూర్చోమంది గానీ, మొహం బిగదీసుకుని ఉంది. బామ్మ కూర్చోలేదు. తిన్నగా పూజగది గుమ్మంలో నిలబడి, గోడ నిండా ఉన్న దేవుళ్ళని చూసి, "ఎంతమంది తల్లీ. ఈ మూల చిన్న అమ్మవారు ఎవరు?" అంది.

అంతే. ఆ ప్రశ్న అడిగినవాళ్ళు ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ లేరు. అమ్మ లేచొచ్చింది. ఆ అమ్మవారు తన పుట్టింటిదనీ, ఆ వినాయకుడు అత్తగారిచ్చినదనీ, ఆ శివుణ్ణి అబ్బాయికి జ్వరమొచ్చినప్పుడు తెచ్చుకుందనీ ఒక్కొక్కరి కథా మొదలుపెట్టింది. వేణువు కృష్ణుడు కూడా ముందు వరసలో ఇరుక్కుని నిలబడి ఉన్నాడు. బామ్మ ప్రతి ఒక్కరి దగ్గరా ఆగి, వివరం అడిగి మరీ విన్నది. టీ చల్లారిపోయింది.

చివరికి అమ్మే ఉండబట్టలేక అడిగేసింది. "మరి వీళ్ళంతా మీకు నచ్చుతారా? మీ ఇంట్లో ఒక్కరూ లేరుగా."

"నచ్చకపోవడమేంటమ్మా. మా ఇంట్లో పెట్టుకోనంత మాత్రాన మీ ఇంట్లో ఉన్నవాళ్ళని కాదంటానా?"

అతను ఏదో అనబోయాడు. అమ్మాయి కళ్ళతోనే ఆపింది. తర్వాత అమ్మ వైపు తిరిగింది.

"ఆంటీ, మీ బెంగ ఏంటో మీ అబ్బాయి చెప్పారు. నాకు మీరు నేర్పండి. ఎవరికి ఏ పువ్వు, ఎవరి దీపం ముందు, అన్నీ. మీరు చేసినట్టే చేస్తాను. ఒక్క దీపం కూడా మానను. మీ దేవుళ్ళని నేను చూసుకుంటాను. నాది మాత్రం నాకు ఉండనివ్వండి. అక్కడ ఎవర్నీ పెట్టొద్దు. ప్రేమతో కూడా వద్దు."

అమ్మ గోడ మీది దేవుళ్ళని ఒకసారి ఈ చివర నుంచి ఆ చివరికి చూసింది. కొడుకుని చూసింది. అతను నోరు గట్టిగా బిగించుకుని, ఊపిరి కూడా ఆపేసి కూర్చున్నాడు.

"వీడిదంతా నా బుద్ధే," అంది చివరికి. "ఎక్కడ కాస్త చోటు కనపడినా నింపకుండా ఉండలేం. నువ్వు కాస్త కనిపెట్టుకుని ఉండాలమ్మా, వాణ్ణీ, నన్నూ." చెయ్యి చాపి పక్కగది చూపించింది. "అందులో కిటికీ పక్కన మూల నీది. అక్కడ ఏం పెట్టుకుంటావో, ఏం పెట్టుకోవో, నీ ఇష్టం."

బామ్మ అప్పుడు కూర్చుంది. "ఆ టీ కాస్త వేడి చేయించమ్మా," అంది తీరిగ్గా.

పెద్దవాళ్ళిద్దరూ మాటల్లో పడ్డాక, వాళ్ళిద్దరూ మెట్ల మీదికి వచ్చారు. సన్నగా తుంపర పడుతోంది. కింద షాపులో నాన్న రంపం ఆపి, పైకి ఒకసారి చూసి, ఏమీ ఎరగనట్టు మళ్ళీ కోత మొదలుపెట్టాడు.

"నోరెత్తకుండా బాగానే ఉన్నారు," అందామె.

"ప్రాణం పోయిందనుకోండి."

"ఇప్పుడు మాట్లాడొచ్చు."

అతను కళ్ళజోడు సర్దుకున్నాడు. ఏదో పెద్ద మాట చెప్పబోతున్నట్టు గొంతు సవరించుకున్నాడు.

"ఇకనుంచి మిమ్మల్ని నువ్వు అనొచ్చా?"

ఆమె రెయిలింగు మీది తుంపరని వేలితో మెల్లగా తుడిచింది.

"ముందు అడిగావు కదా," అంది. "అనొచ్చు."